మూడు చక్రాల మీద బరువు

సరుకులు మోయడానికే తయారైన మూడు చక్రాల సైకిల్‌కు తెలుగు పట్టణాల్లో ఒకే పేరు స్థిరపడలేదు. కోస్తా బజార్లలో దాన్ని బల్ల రిక్షా అంటారు, హైదరాబాదులో ట్రాలీ అంటారు, పురపాలక సంఘాల దస్త్రాలలో అది ట్రైసైకిల్‌గా కనిపిస్తుంది, మనుషులు ఎక్కే రిక్షాలు రోడ్ల మీద నుంచి దాదాపు తప్పుకున్న తరువాత చాలా ఊళ్లలో రిక్షా అనే మాట ఒక్కటే దానికి సరిపోతున్నది. వస్తువు మాత్రం ఒకటే. ముందు సగం సైకిల్, వెనుక సగం బండి, ఆ రెండింటినీ కలిపే ఇనుప చట్రం, చట్రం మీద పరిచిన చెక్కల బల్ల. ప్రపంచంలో ఇంకెన్నో రూపాల్లో ఉన్న ఈ వాహనాన్ని అర్థం చేసుకోవాలంటే నాలుగు విషయాలు చూడాలి: బరువు ఎక్కడ కూర్చున్నది, మలుపు తిరిగే చక్రం ఏది, కాలి బలం అందే చక్రం ఏది, బ్రేకు పడే చక్రం ఏది. బండి ఏ పనికి పనికొస్తుందో, తొక్కే మనిషి ఒంటి మీద ఎంత భారం పడుతుందో ఈ నాలుగే నిర్ణయిస్తాయి.

మూడు చక్రాలే ఎందుకన్న ప్రశ్నకు జవాబు తెలుగు ఇళ్లలోని ముక్కాలి పీటలోనే ఉంది. మూడు కాళ్ల పీటను ఎంత మిట్టపల్లాల నేల మీద పెట్టినా మూడు కాళ్లూ నేలకు ఆనుతాయి; నాలుగు కాళ్ల పీటకు ఆ భరోసా లేదు, ఒక కాలు గాలిలో తేలి పీట ఊగుతుంది. బండి విషయంలోనూ అంతే. నాలుగు చక్రాలూ ఎప్పుడూ నేలను తాకి ఉండాలంటే కమాను కట్టలో, మరో రకం స్ప్రింగులో తప్పనిసరి అవుతాయి, మూడు చక్రాలకు అవి లేకపోయినా పని నడుస్తుంది. రెండు చక్రాల సైకిల్ కదలిక ఉన్నంతసేపే నిలబడుతుంది కాబట్టి 100 కిలోల బస్తాలతో దాన్ని సందులో ఆపి, దించి, మళ్లీ ఎక్కించి కదలడం ఒక్క మనిషికి సాధ్యమయ్యే పని కాదు. ఆగిన చోట తనంత తానే నిలబడగలగడమే మూడో చక్రం చేసే అసలు ఉపకారం. బరువు ఎక్కువ మోయగలగడం దాని తరువాతి మాట.

ఆ ఉపకారానికి చెల్లించవలసిన మూల్యం కూడా ఉంది. రెండు చక్రాల సైకిల్ మలుపులో లోపలి వైపుకు వాలుతుంది, ఆ వాలు వల్ల పైనుంచి దిగే బరువూ మలుపులో పుట్టే పక్క తోపుడూ కలిసి చక్రానికి సరిగ్గా నిలువునా దిగుతాయి. సన్నని చువ్వలతో కట్టిన సైకిల్ చక్రం నిలువు భారాన్ని ఆశ్చర్యం కలిగించేంతగా భరిస్తుంది, పక్క నుంచి వచ్చే తోపుడుకు మాత్రం తేలికగా లొంగిపోతుంది. మూడు చక్రాల బండి వాలదు. అందుచేత ప్రతి మలుపులోనూ పక్క తోపుడంతా చక్రం మీదే పడుతుంది. రిక్షా రిమ్ములు అంత తరచుగా వంకర పోవడానికి, మామూలు సైకిల్ చువ్వలకు బదులు లావు చువ్వలు వేయడానికి, కొన్ని చోట్ల మోపెడ్ల చక్రాలనే తెచ్చి బిగించడానికి కారణం ఇదే.

వాలని బండికి బోల్తా పడే ప్రమాదం కూడా ఎక్కువ. వెనుక చక్రాల మధ్య 90 సెంటీమీటర్ల ఎడం ఉండి, బరువంతా వెనుక ఇరుసు మీదనే ఉండి, ఆ బరువుకు కేంద్రం నేల నుంచి 90 సెంటీమీటర్ల ఎత్తున ఉన్నదని అనుకుంటే, 5 మీటర్ల వ్యాసార్ధం గల మలుపులో గంటకు దాదాపు 18 కిలోమీటర్ల వేగం దగ్గరే లోపలి చక్రం నేలను వదులుతుంది. అదే బరువును దించి, కేంద్రం 60 సెంటీమీటర్ల ఎత్తుకు వచ్చేలా అమర్చగలిగితే ఆ హద్దు దాదాపు 22 కిలోమీటర్లకు పెరుగుతుంది. బరువైన బస్తాలు అడుగున, తేలికైన పెట్టెలు పైన ఉండాలని హమాలీలు పట్టుబట్టడం వెనుక ఉన్న లెక్క ఇదే, వారు దాన్ని అంకెల్లో చెప్పకపోయినా. బల్లను చక్రాల కంటే ఎత్తున పరచడం వల్ల వెడల్పు కలిసివస్తుంది గాని నిలకడ తగ్గుతుంది; తక్కువ వ్యాసం గల చక్రాలు వేసి బల్లను కిందికి దించితే నిలకడ పెరుగుతుంది గాని గుంతల్లో చక్రం కూరుకుపోతుంది. ఇలా ఒకటి పొందితే మరొకటి వదులుకోవలసిన పరిస్థితి ఈ వాహనం నిర్మాణంలో అడుగడుగునా ఎదురవుతుంది.

చరిత్రలో చూస్తే మూడు చక్రాల సైకిల్ మొదట పేదవాడి బండి కాదు. 1870లు, 1880లలో ఇంగ్లండులో ముందు చక్రం మనిషి ఛాతీ ఎత్తున ఉండే సైకిళ్లు నడుస్తున్న కాలంలో, వాటి మీదికి ఎక్కలేని పెద్దవారూ, పొడవాటి దుస్తులు ధరించే స్త్రీలూ మూడు చక్రాల సైకిల్‌ను ఆశ్రయించారు. కొవెంట్రీ నగరానికి చెందిన జేమ్స్ స్టార్లీ తయారు చేసిన మూడు చక్రాల సైకిళ్లను 1881లో విక్టోరియా రాణి తెప్పించుకున్నది. 1885లో ఆయన సోదరుడి కొడుకు జాన్ కెంప్ స్టార్లీ దాదాపు సమానమైన రెండు చక్రాలు, వెనుక చక్రానికి చైనూ గల రోవర్ సైకిల్‌ను తెచ్చిన తరువాత, మనుషులు క్రమంగా మూడు చక్రాలను వదిలి రెండు చక్రాల మీదికి మారిపోయారు. బరువులు మాత్రం మారలేదు. రొట్టెలు, పాలు, మాంసం, ఉత్తరాలు, పార్సిళ్లు మూడు చక్రాల మీదనే ఉండిపోయాయి, అప్పటి నుంచి ఆ బండి కూలివాడి బండి అయింది, గౌరవం తగ్గిన కొద్దీ దాని నిర్మాణం మీద పెట్టే శ్రద్ధ కూడా తగ్గింది.

బరువు కూర్చునే చోటును బట్టి ఈ బండ్లు మూడు రకాలు. మొదటిది వెనుక బరువు రకం. ముందు ఒక చక్రం, వెనుక రెండు చక్రాలు, బల్ల వెనుక ఇరుసు మీద. భారతదేశం, బంగ్లాదేశ్, చైనా బజార్లలో కనిపించేది ప్రధానంగా ఇదే. తొక్కే మనిషి ముందు ఉంటాడు కాబట్టి వెనుక సరుకు ఎంత ఎత్తు పేర్చినా దారి కనిపించడానికి అడ్డు లేదు, మలుపు తిరిగే చక్రం ఒక్కటే, అది కూడా తేలికగా ఉంటుంది కాబట్టి హ్యాండిల్ తిప్పడానికి చేతులకు శ్రమ ఉండదు, ఇరుకు సందులో కూడా ముందు చక్రాన్ని దాదాపు అడ్డంగా తిప్పి బండిని మళ్లించవచ్చు. సైకిల్ ముందు భాగాలన్నీ మామూలు సైకిల్‌వే కావడం వల్ల ఏ ఊళ్లోనైనా సామాను దొరుకుతుంది, వెనుక చట్రాన్ని వీధి చివరి వెల్డింగు షాపు కూడా తయారు చేయగలదు. గంజ్‌లకూ గోడౌన్లకూ ఈ రకమే నప్పడానికి ఇంతకంటే వేరే కారణం అవసరం లేదు.

కాలి బలం ఏ చక్రానికి అందుతుంది అన్నది ఈ రకంలో ఒక చిక్కు. బండి మలుపు తిరిగేటప్పుడు బయటి చక్రం ఎక్కువ దూరం, లోపలి చక్రం తక్కువ దూరం వెళ్లాలి. రెండు చక్రాలనూ ఒకే ఇరుసుకు కదలకుండా బిగిస్తే ఒకటి నేల మీద గీసుకుపోక తప్పదు. జేమ్స్ స్టార్లీ 1877లో మూడు చక్రాల సైకిల్ కోసం పళ్ల చక్రాల అమరిక ఒకటి రూపొందించి, బలం రెండు చక్రాలకూ అందుతూనే వాటి వేగాలు వేరువేరుగా ఉండేలా చేశాడు. డిఫరెన్షియల్ అని పిలిచే ఆ అమరికే ఈనాడు దాదాపు ప్రతి కారులో, ప్రతి లారీలో బలం అందే ఇరుసులో ఉన్నది. దాన్ని మోటారు బండ్లన్నీ స్వీకరించగా, స్టార్లీ ఏ మూడు చక్రాల సైకిల్ కోసం దాన్ని రూపొందించాడో ఆ సైకిల్‌కు మాత్రం అది అందుబాటులో లేకుండా పోయింది. చవకగా ఉండాలన్న ఒత్తిడిలో మన వైపు రిక్షాలలో చాలావాటికి ఒక వెనుక చక్రానికే బలం అందుతుంది, రెండోది ఊరికే తిరుగుతుంది. తొక్కేటప్పుడు బండి కొద్దిగా ఒక పక్కకు లాగడమూ, బురదలో బలం అందే చక్రం జారితే బండి మొత్తం ఆగిపోవడమూ అందువల్లనే.

బ్రేకు విషయం ఇంకా గట్టిగా చెప్పవలసినది. చాలా రిక్షాలకు బ్రేకు ముందు చక్రానికే ఉంటుంది. చక్రం నేలను ఎంత గట్టిగా పట్టుకుంటుంది అన్నది దాని మీద పడే బరువును బట్టి ఉంటుంది. వెనుక బరువు రకంలో బరువు ఎక్కువ భాగం వెనుక ఇరుసు మీద ఉంటుంది కాబట్టి ముందు చక్రం పట్టు తక్కువ. మొత్తం బరువులో ఐదో వంతే ముందు చక్రం మీద ఉన్నదని అనుకుంటే, పొడి రోడ్డు మీద గంటకు 15 కిలోమీటర్ల వేగంతో పోతున్న బండి, బ్రేకు ఎంత మంచిదైనా, ఆగడానికి 7 మీటర్లకు పైగా దూరం కావాలి. అవే చక్రాలకు మూడింటికీ బ్రేకులు ఉంటే ఆ బండి 2 మీటర్ల లోపే ఆగగలదు. వానలో తడిసిన రిమ్ము మీద రబ్బరు బ్రేకు పట్టు ఇంకా పడిపోతుంది. పల్లంలో రిక్షా తొక్కేవారు కాలి చెప్పును ముందు టైరుకు ఆనించడం, లేదా దిగి, బండిని వెనక్కి లాగిపట్టి ఒంటి బరువుతో ఆపడం అలవాటుగా మారింది. దీన్ని వారి నిర్లక్ష్యంగా చూడడం అన్యాయం. బండిలో లేని బ్రేకును వారు తమ శరీరంతో పూరిస్తున్నారు.

రెండో రకం ముందు బరువు రకం. ముందు రెండు చక్రాలు, వాటి మధ్య పెట్టె, వెనుక ఒక చక్రం, కాలి బలం ఆ ఒక్క చక్రానికే అందడం వల్ల డిఫరెన్షియల్ అవసరమే రాదు, బ్రేకులు బరువు ఉన్న ముందు చక్రాలకే ఉంటాయి కాబట్టి బండి బాగా ఆగుతుంది. తెలుగు ఊళ్లలో ఈ రకం ఒకే ఒక రూపంలో అందరికీ తెలుసు: ముందు డబ్బాతో వచ్చే ఐస్‌క్రీమ్ బండి. దాని వంశం కూడా స్పష్టంగానే ఉంది. 1920లలో ఇంగ్లండులో వాల్స్ సంస్థ ముందు పెట్టె గల మూడు చక్రాల సైకిళ్లను వీధుల్లోకి పంపి, ఆపి కొనుక్కొమ్మని వాటి మీద రాయించింది. ఆ పేరే తరువాత క్వాలిటీ వాల్స్‌గా భారతదేశానికి వచ్చింది. అమ్మే వస్తువు ఎదురుగా ఉండి, మూత తెరిచి అక్కడికక్కడే ఇవ్వవలసిన వ్యాపారానికి ముందు పెట్టె అనువైనది. మెక్సికో నగరంలో ఆవిరి మీద ఉడికించిన మొక్కజొన్న పిండి తమాలేలు అమ్మేవారు కూడా ముందు తొట్టి గల మూడు చక్రాల సైకిళ్లనే వాడుతారు.

ఈ రకాన్ని తిరిగి గౌరవానికి తెచ్చిన ఊరు డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్. అక్కడ 20వ శతాబ్దం తొలి సగంలో సరుకు సైకిళ్ల మీద ఇంటింటికీ సామాన్లు చేర్చే కుర్రవాళ్ల వృత్తి ఒకటి వర్ధిల్లి, మోటారు వ్యాన్లు రావడంతో అంతరించింది. 1971లో ఆ నగరంలో పాత సైనిక స్థావరాన్ని ఆక్రమించి వెలసిన క్రిస్టియానియా అనే పేట లోపల కార్లను అనుమతించలేదు, అందువల్ల సామాన్లు మోసే వేరే సాధనం కావలసి వచ్చింది. ఆ పేటలో కమ్మరి పని చేసే లార్స్ ఎంగ్‌స్ట్రోమ్ 1984లో తన సహచరి ఆన్నీ లెర్కె కోసం ముందు పెట్టె గల మూడు చక్రాల సైకిల్ ఒకటి చేశాడు, చూసినవారు తమకూ కావాలన్నారు, అది క్రిస్టియానియా సైకిల్ పేరుతో దేశమంతటా పాకింది. ఈనాడు కోపెన్‌హాగెన్‌లో ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువ మంది పిల్లలున్న కుటుంబాలలో సుమారు నాలుగో వంతుకు సరుకు సైకిల్ ఉన్నది. పిల్లలను బడికి దింపడం, వారానికి సరిపడా వెచ్చాలు తెచ్చుకోవడం దాని మీదనే. బిడ్డ కళ్ల ఎదుట కూర్చుని ఉండడమే ఆ తల్లిదండ్రులు ముందు పెట్టెను ఎంచుకోవడానికి ముఖ్య కారణం. బజారు హమాలీ వెనుక బల్లను ఎంచుకోవడానికి దారి కనిపించడం ఎలా కారణమో ఇదీ అలాగే.

ముందు బరువు రకంలో మలుపు తిప్పే పద్ధతులు రెండున్నాయి. క్రిస్టియానియా పద్ధతిలో పెట్టె, రెండు చక్రాలు, హ్యాండిల్ అన్నీ ఒకే ముక్కగా, మధ్యలో ఉన్న మొల చుట్టూ తిరుగుతాయి. నిర్మాణం సులువు, పాడయ్యేది తక్కువ, కాని పెట్టెలో ఉన్న బరువునంతా చేతులతో తిప్పాలి, వేగం పెరిగితే హ్యాండిల్ అదురుతుంది. నిహోలా వంటి మరో డేనిష్ సైకిల్‌లో పెట్టె చట్రానికి స్థిరంగా ఉండి, చక్రాలు మాత్రమే కారు చక్రాల్లాగా కడ్డీల సాయంతో తిరుగుతాయి. ఇక్కడ లోపలి చక్రం బయటి చక్రం కంటే కొంచెం ఎక్కువ కోణంలో తిరగాలి, లేకపోతే టైర్లు అరిగిపోతాయి. ఈ అమరికను 1818లో పేటెంటు పొందిన రుడాల్ఫ్ అకర్‌మన్ పేరుతో పిలుస్తారు, అది మొదట గుర్రపు బండ్ల కోసం వచ్చింది. ఇటీవలి కాలంలో మూడో పద్ధతి కూడా వచ్చింది. అందులో మలుపు తిరిగేటప్పుడు బండి మోటారు సైకిల్‌లాగా లోపలికి వాలుతుంది, చక్రాల మీద పక్క తోపుడు తగ్గుతుంది, బోల్తా భయం తగ్గుతుంది. కీళ్లు, కడ్డీలు ఎక్కువ కావడం వల్ల ధర మాత్రం చాలా పెరుగుతుంది.

మూడో రకం పక్క బరువు రకం. మామూలు సైకిల్‌కు పక్కన ఒక చక్రం, తొట్టి బిగిస్తారు. బర్మాలోనూ ఫిలిప్పీన్స్‌లోనూ మనుషులను, సరుకులను ఇలాగే మోస్తారు. బరువు ఒక పక్కనే ఉండడం వల్ల బండి ఎప్పుడూ ఆ వైపుకు లాగుతూనే ఉంటుంది, అందుచేత భారీ బరువులకు అది పనికిరాదు.

తెలుగు బజార్ల బల్ల రిక్షా దగ్గరికి మళ్లీ వస్తే, దాని మీద పడే భారాన్ని ఒకసారి లెక్క వేసి చూడడం అవసరం. వంటగ్యాసు సిలిండరులో గ్యాసు 14.2 కిలోలు, ఖాళీ సిలిండరు ఇంచుమించు అంతే బరువు. ఎనిమిది నిండు సిలిండర్లు ఎక్కితే 240 కిలోలు. బండి సొంత బరువు, మనిషి బరువు కలిపి మొత్తం 400 కిలోలు అనుకోవచ్చు. చదునైన తారు రోడ్డు మీద ఇంత బరువును కదిలిస్తూ ఉంచడానికి సుమారు 4 కిలోల లాగుడు చాలు. ఒక మామూలు మనిషి గంటల తరబడి ఇవ్వగలిగిన శక్తి 75 వాట్లు అనుకుంటే ఆ బండి గంటకు దాదాపు 7 కిలోమీటర్ల వేగంతో నడుస్తుంది, నడకకంటే వేగంగా, నడిచి మోయగలిగిన దానికి ఎన్నో రెట్ల బరువుతో. మానవ శక్తితో నడిచే వాహనాల్లో ఇది నిజంగా గొప్ప ఫలితం, దాన్ని తేలికగా చూడడం సరికాదు.

లెక్క తలకిందులయ్యేది ఎత్తు దగ్గర. 30 అడుగులు సాగితే ఒక అడుగు లేచే వాలు కంటికి పెద్దగా ఆనదు, విజయవాడలో బందరు కాలువ, ఏలూరు కాలువ, రైవస్ కాలువల మీది వంతెనలకు, ఏ నగరంలోని ఫ్లైఓవర్లకైనా అలాంటి వాలు మామూలే. ఆ వాలు మీద లాగుడు 4 కిలోల నుంచి 17 కిలోలకు పెరుగుతుంది. మామూలు సైకిల్‌కు ఉండే పళ్ల నిష్పత్తే రిక్షాకూ ఉంటే, అంటే పెడల్ ఒక చుట్టు తిరిగితే బండి దాదాపు 5 మీటర్లు పోయేలా ఉంటే, ఆ వాలు మీద పాదం సగటున 80 కిలోల బలంతో తొక్కాలి. 60 కిలోల మనిషి పెడల్ మీద నిటారుగా నిలబడినా అంత బలం రాదు. రిక్షా తొక్కేవారు వంతెన మొదట్లోనే దిగి, ఒక చేత్తో హ్యాండిల్, మరో చేత్తో సీటు పట్టుకుని, ముందుకు వంగి తోసుకుంటూ ఎక్కడం వారి బలహీనత వల్ల కాదు, బండికి రెండో గేరు లేకపోవడం వల్ల. ఒక చుట్టుకు రెండున్నర మీటర్లే పోయే చిన్న గేరు ఒకటి ఉంటే పాదం మీద 40 కిలోలతో సరిపోతుంది, అప్పుడు మెల్లగానైనా తొక్కుతూనే ఎక్కవచ్చు. మూడు చక్రాల బండి ఎంత నెమ్మదిగా పోయినా పడిపోదు కాబట్టి చిన్న గేరు లాభం దీనికి దక్కినంతగా రెండు చక్రాల సైకిల్‌కు దక్కదు.

ఇంత కష్టం ఉన్నా ఈ బండి బజారును వదలకపోవడానికి కారణాలు బలమైనవి. హైదరాబాదు బేగంబజారు, ఉస్మాన్‌గంజ్ సందుల్లో, విజయవాడ వన్‌టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్ చుట్టుపక్కల, పగటిపూట లారీ రాలేని, వ్యాను ఆగలేని చోట్లకు కూడా బల్ల రిక్షా వెళ్తుంది. లారీ ఆఫీసులో దిగిన పార్సిళ్లు అక్కడి నుంచి అంగడికి చేరేది, టోకు కొట్టులో కొన్న కిరాణా చిల్లర కొట్టుకు చేరేది దీని మీదనే. సిమెంటు బస్తాలు, ప్లైవుడ్ షీట్లు, తలుపు చెక్కలు, బీరువాలు, ఫ్రిజ్‌లు, 20 లీటర్ల నీళ్ల డబ్బాలు, పెళ్లి పందిళ్లకు కుర్చీలు, షామియానా గుంజలు, వినాయక చవితికి విగ్రహాలు అన్నీ ఎక్కుతాయి. ఇంటి నిర్మాణానికి వాడే ఇనుప కడ్డీలు 12 మీటర్ల పొడవుంటాయి. వాటిని మధ్యకు వంచి, కట్టలుగా కట్టి, మనిషి పక్క నుంచి హ్యాండిల్ దాటి ముందుకు పోయేలా పేర్చి, వెనుక చివర ఎర్ర గుడ్డ కట్టి తీసుకుపోయే నేర్పు ఏ బడిలోనూ నేర్పనిది. బల్లకు పక్క గోడలు లేకపోవడమే ఇక్కడ లాభం. ఏ వైపు నుంచైనా ఎక్కించవచ్చు, ఎంత పొడవైనా బయటికి వదలవచ్చు.

రెండో పెద్ద ఉపయోగం చెత్త సేకరణ. పట్టణ వ్యర్థాల నిర్వహణ మీద 2000 సంవత్సరంలో వచ్చిన కేంద్ర నిబంధనలు ఇంటింటి నుంచి చెత్త సేకరించాలని చెప్పిన తరువాత పురపాలక సంఘాలు నాలుగు లేదా ఆరు డబ్బాలు అమర్చిన మూడు చక్రాల సైకిళ్లను పెద్ద సంఖ్యలో కొన్నాయి. 2016 నిబంధనలు తడి చెత్త, పొడి చెత్త, ఇళ్ల నుంచి వచ్చే ప్రమాదకర చెత్త వేరువేరుగా తీసుకోవాలన్నప్పుడు డబ్బాల బండి మరింత అనువైనదిగా తేలింది, ఎందుకంటే ఒకే గుట్టగా పోసే ట్రాక్టరు తొట్టిలో వేరుచేయడం నిలవదు. హైదరాబాదులో 2015లో స్వచ్ఛ ఆటోలు, ఆంధ్రప్రదేశ్ పట్టణాల్లో 2021లో క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) వాహనాలు వచ్చి పెద్ద వీధుల్లో వీటి స్థానాన్ని తీసుకున్నాయి. గ్రామ పంచాయతీలలోనూ ఇరుకు సందులలోనూ చెత్త రిక్షా ఇంకా తిరుగుతూనే ఉన్నది. పారిశుద్ధ్య కార్మికులలో స్త్రీలు ఎందరో, వారిలో చాలామంది ఆ బండిని తొక్కరు, తోస్తారు. చీర కట్టుకున్న స్త్రీకి అడ్డు కమ్మీ ఉన్న పురుషుల సైకిల్ చట్రంతో బండి చేసి ఇవ్వడం, ఆమె తొక్కకపోవడాన్ని తొక్కడం రానితనంగా లెక్కవేయడం, రెండూ తప్పే. కమ్మీని కిందికి వంచి వెల్డింగు చేయడం ఏ కార్ఖానాకూ కష్టమైన పని కాదు.

వ్యాపారమే బండి మీద జరిపేవారు మూడో వర్గం. కూరగాయలు, ప్లాస్టిక్ బిందెలు, పాత ఇనుము, పూలమొక్కలు, ఉప్పు, కొబ్బరి బొండాలు వీధి వీధికీ తీసుకుపోయి అమ్మేవారికి తోపుడు బండి కంటే మూడు చక్రాల సైకిల్ ఎక్కువ దూరాన్ని అందుబాటులోకి తెస్తుంది. వీధి వ్యాపారుల జీవనోపాధి రక్షణకు 2014లో వచ్చిన చట్టం ఒకచోట కూర్చునేవారితో పాటు తిరుగుతూ అమ్మేవారిని కూడా వీధి వ్యాపారులుగానే గుర్తించింది. చేత్తో తిప్పే దివ్యాంగుల మూడు చక్రాల సైకిల్‌కు ముందు చిన్న పెట్టె అమర్చుకుని బిస్కెట్లు, పెన్నులు అమ్ముకునేవారు బస్టాండ్ల దగ్గర కనిపిస్తారు. ఆ బండి కూడా ఈ కుటుంబానికి చెందినదే.

విద్యుత్తు ఈ లెక్కలను మారుస్తున్నది. ఐరోపాలో 250 వాట్ల మోటారు తొక్కే మనిషికి తోడుగా మాత్రమే పనిచేసి, గంటకు 25 కిలోమీటర్లు దాటగానే ఆగిపోతే ఆ బండిని చట్టం సైకిల్‌గానే చూస్తుంది. ఆ వెసులుబాటు వల్లనే అక్కడ పార్సిల్ సంస్థలు పెద్ద పెట్టెల మూడు చక్రాల సైకిళ్లను పాత నగరాల నడిబొడ్డుకు పంపగలుగుతున్నాయి. భారతదేశంలో 2014 అక్టోబరులో మోటారు వాహనాల నిబంధనలకు చేసిన సవరణ ఇ-రిక్షాతో పాటు సరుకుల కోసం ఇ-కార్ట్ అనే వర్గాన్ని గుర్తించి, 310 కిలోల సరుకు, గంటకు 25 కిలోమీటర్ల వేగం హద్దులుగా పెట్టింది. ఇ-కార్ట్‌కు రిజిస్ట్రేషను, నడిపేవారికి లైసెన్సు కావాలి, కొనడానికి పెట్టుబడి కావాలి. రోజు అద్దెకు బండి తీసుకుని, సాయంత్రానికి అద్దె కట్టి, మిగిలినది ఇంటికి తీసుకుపోయే మనిషికి అది ఒక్కసారిగా అందేది కాదు. అందుకే పాత మోపెడ్ ఇంజన్‌ను బల్ల రిక్షాకు బిగించుకునే పద్ధతి కొన్ని ఊళ్లలో వచ్చింది. ఎత్తు ఎక్కే కష్టం దానితో తీరుతుంది, కాని గంటకు 7 కిలోమీటర్ల వేగానికి చేసిన చట్రం, చువ్వలు, ఒంటరి ముందు బ్రేకు 30 కిలోమీటర్ల వేగాన్ని భరించవు, పైగా అది రిజిస్ట్రేషను లేని మోటారు వాహనం కాబట్టి ప్రమాదం జరిగితే నష్టమంతా తొక్కేవాడిదే.

అందువల్ల మోటారు కంటే ముందు రావలసినవి చిన్న మార్పులు. వెనుక ఇరుసుకు బ్యాండు బ్రేకు, రెండు గేర్ల ఫ్రీవీలు, దుమ్ము దూరని మూత బేరింగులు, బల్లను ఒక జానెడు కిందికి దించిన చట్రం: వీటిలో ఏదీ కొత్తగా కనిపెట్టవలసినది కాదు, అన్నీ సైకిల్ సామాన్ల బజారులో ఉన్నవే. అద్దెకు బండ్లు తిప్పే యజమాని వాటి మీద డబ్బు పెట్టడు, ఎందుకంటే మార్పు వల్ల తగ్గే శ్రమ అతనిది కాదు. తొక్కే మనిషి పెట్టలేడు, ఎందుకంటే బండి అతనిది కాదు. వందల బండ్లు ఒకేసారి కొనే పురపాలక సంఘాలు, పంచాయతీలు మాత్రం టెండరు కాగితంలోనే వెనుక బ్రేకు ఉండాలని, అడ్డు కమ్మీ వంచి ఉండాలని, ఆగినప్పుడు చక్రాన్ని బిగించి ఉంచే చేతి బ్రేకు ఉండాలని రాయవచ్చు. ఆ చివరిది లేకపోవడం వల్లనే, కొంచెం వాలుగా ఉన్న వీధిలో సరుకు దించవలసి వస్తే రిక్షా మనిషి ముందుగా ఒక ఇటుక ముక్క వెతికి వెనుక చక్రం కింద పెట్టి, బండి కదలదని కాలితో తన్ని చూసుకుని, ఆ తరువాతనే తాడు ముడి విప్పుతాడు.